గరగర కూడా సంగీతమే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. సభలో వినిపించిన శబ్దాలను అచ్చులో వినిపించలేం కనుక ఆయా చోట్ల మాటల్లో చెప్పాను.)

 

"నువ్వు చేసే పని ఏమిటో మాలో చాలామందికి సరిగ్గా తెలియదు. అదే చెప్పు, ఇరవై నిమిషాలు చాలు" అన్నారు మన కార్యదర్శి గారు. నిజమే. పాటలు మిక్సింగ్ చేస్తానంటే, పెళ్ళిళ్లలో డీజే పెడతాననుకునే వాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. మిక్సింగ్ అంటే ఇది: ఒక పాటలో గాయని గొంతు, వీణ, తబలా, బేస్ గిటార్, కోరస్, అన్నీ వేరువేరుగా రికార్డు అవుతాయి. ఒక్కోసారి అవి వంద దాకా ఉంటాయి. ఏది ఎంత వినపడాలి, ఏది ముందుండాలి, ఏది వెనక్కి తగ్గాలి అని చూసి, వాటన్నిటినీ కలిపి ఒకే పాటగా మీ చెవికి అందించడం నా పని.

అందులో ఇవాళ ఒక్క విషయమే మాట్లాడతాను. దాని పేరు డిస్టార్షన్. మన మాటల్లో చెప్పాలంటే గరగర, బొంగురు, పగులు. ధ్వని చెడిపోవడం. దాన్ని పోగొట్టడానికి ఇంజనీర్లు ఎన్నో ఏళ్లు కష్టపడ్డారు. ఇప్పుడు దాన్నే మేం డబ్బులిచ్చి కొనుక్కుని, కావాలని పాటలో వేస్తున్నాం. ఎందుకు?

మన బడి ప్రార్థన గుర్తు తెచ్చుకోండి. హెడ్మాస్టర్ గారి గది పైన గొట్టం మైకు ఉండేది. మైకు ముందు నిలబడి ఎవరైనా గట్టిగా పాడితే గొట్టంలోంచి గరగర వచ్చేది. డ్రిల్లు మాస్టారు పరుగెత్తుకుంటూ వెళ్లి సౌండు తగ్గించేవారు. ఆ రోజు మధ్యాహ్నం సైన్సు మాస్టారు బోర్డు మీద ఒక అల గీసి, దాని పైన స్కేలుతో ఒక గీత గీశారు. "ఇది యాంప్లిఫయరు ఇవ్వగలిగిన హద్దు. అల దీన్ని దాటాలని చూస్తే దాటలేదు. తల తెగిపోతుంది" అని, గీతకు పైనున్న భాగాన్ని డస్టరుతో తుడిచేశారు. గుండ్రంగా ఉన్న అల తల బల్లపరుపుగా మిగిలింది. నేను ఈ రోజు కంప్యూటరు తెర మీద చూసేది సరిగ్గా ఆ బొమ్మే. దాన్ని క్లిప్పింగ్ అంటాం.

తల తెగితే చెవికి ఏమవుతుంది? కొత్త స్వరాలు పుడతాయి. సంగీతం నేర్చుకున్న వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సెకనుకు 110 సార్లు కంపించే శుద్ధమైన షడ్జం ఒకటి ఉందనుకోండి. దాని తల కోస్తే 220, 330, 440, 550 దగ్గర కూడా సన్నగా ధ్వనులు మొదలవుతాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. 220 పై షడ్జం. 330 ఆ పైన పంచమం. 440 మళ్లీ షడ్జం. 550 అంతర గాంధారం. అల పైభాగాన్నీ కిందిభాగాన్నీ సమానంగా కోస్తే మూడు, ఐదు, ఏడు వంటి బేసి హార్మోనిక్స్ మాత్రమే పుడతాయి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కోస్తే రెండు, నాలుగు కూడా కలుస్తాయి. అంటే గరగర అనేది అడ్డదిడ్డమైన చప్పుడు కాదు. మీరు ఇచ్చిన స్వరం లోంచే లెక్క ప్రకారం పుట్టిన సంతానం.

ఈ సంగతి మన తంబురా చేసేవాళ్లకు ఎప్పుడో తెలుసు. తంబురా బ్రిడ్జి కొంచెం వంపుగా ఉంటుంది. దాని మీద తీగ కింద సన్నని దారం పోగు ఒకటి పెట్టి, తీగ బ్రిడ్జిని రాసుకుంటూ కంపించేలా సర్దుతారు. దాన్ని జీవ అంటారు. హిందుస్తానీ వాళ్లు జవారీ అంటారు. ఆ పోగు తీసేస్తే తంబురా చప్పగా మోగుతుంది. పెడితే తేనెటీగల తుట్టెలా జుమ్మంటుంది. (సభలో రెండూ వినిపించాను. దారం లేనిది మొదట, ఉన్నది తర్వాత. రెండోది మొదలవగానే వెనక వరసల్లోంచి "ఆఁ" అన్నారు.) శుద్ధమైన తీగ ధ్వనిని కావాలని కొంచెం చెడగొట్టి, దానికి జీవ అని పేరు పెట్టుకున్న సంప్రదాయం మనది. నేను కంప్యూటరుతో చేసేది కొత్తదేమీ కాదు.

పాశ్చాత్యులకు ఇది పొరపాటున దొరికింది. అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి 'డోంట్ వర్రీ' పాట రికార్డు చేస్తుండగా మిక్సరులో ఒక ఛానల్ పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ బుర్రుమని బొంగురుగా వచ్చింది. తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో పాట విడుదలైతే జనానికి నచ్చింది. ఆ రికార్డింగ్ చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే గరగర ఇచ్చే చిన్న సర్క్యూటు తయారు చేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మేస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అమ్మింది. మొదట్లో పెద్దగా పోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ దానితో గిటార్ వాయించాక గిరాకీ వచ్చింది. అంతకుముందే, ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్ తన స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి మరీ గరగర తెప్పించుకున్నాడు. ఒకరికి యంత్రం పాడైంది, ఒకరు యంత్రాన్ని పాడుచేశారు. చెవికి మాత్రం రెండూ నచ్చాయి.

ఇక డిజిటల్ సంగతి. పాత వాల్వు యాంప్లిఫయరూ, టేపూ హద్దు దగ్గరకు వచ్చేసరికి అలను మెల్లగా వంచుతాయి. కంప్యూటరులో అలా కాదు. అంకె ఒక గరిష్ఠం దాకా వెళ్తుంది, అక్కడ గోడ. టక్కున తెగుతుంది. అందుకే డిజిటల్ పగులు కత్తిలా ఉంటుంది. దాన్ని మెత్తబరచడానికి ప్లగిన్లు ఉన్నాయి. అవి లెక్కలు కట్టి వాల్వునీ టేపునీ అనుకరిస్తాయి. కానీ టేపుకీ వాల్వుకీ చేతకాని వికారాలు కూడా డిజిటల్‌లో రెండున్నాయి. నాకు వాటి మీదే ఎక్కువ ఇష్టం.

మొదటిది, మెట్లు తగ్గించడం. సీడీలో ప్రతి క్షణం ధ్వని ఎత్తును 65,536 మెట్లలో ఒకదానితో రాస్తారు. దాన్ని 16 బిట్లు అంటారు. 8 బిట్లయితే 256 మెట్లు. 4 బిట్లయితే పదహారే. (ఇక్కడ వీణ మీద ఒకే మీటు వినిపించి, మెట్లు తగ్గిస్తూ పోయాను.) మీటు మొదట్లో పెద్ద తేడా లేదు చూడండి. తీగ మోత సన్నగిల్లే కొద్దీ ఇసుక రాలినట్టు అవుతోంది. చిన్న ధ్వనికి ఎక్కడానికి మెట్లు మిగలలేదు కాబట్టి ఇలా జరుగుతోంది. పాత గుర్తులు, చెదిరిన కల, దూరమైన మనిషి, ఇలాంటి సందర్భాలు పాటలో ఉంటే ఈ ఇసుక బాగా పనికొస్తుంది. 1987లో వచ్చిన ఈ-ము ఎస్‌పీ-1200 అనే యంత్రంలో 12 బిట్లే ఉండేవి. ఆ గరుకుతనం కోసమే హిప్‌హాప్ వాళ్లు దాన్ని దాచుకున్నారు.

రెండోది, ఎన్నిసార్లు కొలుస్తున్నామన్నది తగ్గించడం. సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. అందులో సగం, అంటే 22,050 కంపనాల దాకానే అది ధ్వనిని సరిగ్గా రాయగలదు. దానికి మించిన ధ్వని కంప్యూటరు లోపల పుడితే అది పోదు, మడిచిపెట్టినట్టు వెనక్కి వస్తుంది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనపడుతుందే, ఆ బాపతు మాయ. 5,000 దగ్గరున్న ధ్వని తల కోశామనుకోండి. ఏడో హార్మోనిక్ 35,000. అది 9,100 దగ్గర తేలుతుంది. తొమ్మిదోది 45,000. అది 900 దగ్గర, అసలు స్వరానికే కిందుగా తేలుతుంది! షడ్జానికీ పంచమానికీ ఏ సంబంధమూ లేని చోట. నేను ఇందాక సంతానం అన్నాను కదా, ఇవి ఇంటిపేరు కలవని పిల్లలు. వద్దనుకుంటే ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ పెడతాం. నాలుగు రెట్లు వేగంగా లెక్క కట్టి, అక్కర్లేనివి వడకట్టి, మళ్లీ కిందికి దింపుతుంది. దెయ్యం సీనుకీ యంత్రం మాట్లాడే సీనుకీ మాత్రం ఓవర్‌శాంప్లింగ్ తీసేసి, ఆ పిల్లల్నే పిలుస్తాను.

ఇప్పుడు రోజువారీ పనిలో ఇదంతా ఎక్కడ పనికొస్తుందో చెప్తాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మన బడి పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారని విన్నాను. ఇది వాళ్ల కోసం.

మీరంతా పాటలు ఫోనులో వింటున్నారు. ఫోను స్పీకరు మీ బొటనవేలి గోరంత ఉంటుంది. బేస్ గిటార్ 55 దగ్గర మోగుతుంటే అది ఆ స్పీకరుకి చేతకాదు. అక్కడ సౌండు ఎంత పెంచినా లాభం లేదు. అప్పుడు బేస్‌ని కాస్త గరగరలాడిస్తాను. 220, 275, 330 దగ్గర హార్మోనిక్స్ పుడతాయి. వాటిని ఫోను పలుకుతుంది. వాటి మధ్య దూరం 55 కాబట్టి, లేని 55ని మీ మెదడు తనే కల్పించుకుంటుంది. మీరు విన్నాననుకున్న ఆ బేస్ స్పీకరులో లేదు, మీ తలలో ఉంది. డప్పు కింది స్వరానికి కూడా ఇదే చేస్తాను.

రెండో సంగతి, శృతి. విడివిడిగా ఒక్కో స్వరాన్ని పగలగొట్టడం వేరు, రెండు స్వరాల్ని కలిపి పగలగొట్టడం వేరు. 200, 300 కలిసి పగిలితే వాటి తేడా 100, మొత్తం 500 కూడా పుడతాయి. 200 షడ్జం, 300 పంచమం అనుకుంటే 100 కింది షడ్జమే. చక్కగా కుదిరింది. అందుకే రాక్ గిటారిస్టులు గరగర వేసినప్పుడు తరచుగా షడ్జ పంచమాలే పట్టుకుంటారు, గాంధారం కలపరు. మన పాటల్లో ఇంకో చిక్కు ఉంది. షడ్జాన్ని గట్టిగా పగలగొడితే అంతర గాంధారం పుడుతుందని చెప్పాను. పాట ఖరహరప్రియలో ఉంటే దాని గాంధారం సాధారణ గాంధారం. రెండూ ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటే పోట్లాటే. మరి తంబురాలో కూడా అంతర గాంధారం వినపడుతుంది కదా అని సంగీతం టీచరు గారు అడుగుతారు. అవునండీ, వినపడుతుంది, కానీ సన్నగా. మోతాదులోనే ఉంది అంతా. రాగం చూసుకోకుండా ప్లగిన్ తిప్పకూడదు.

మూడోది, కలుపు. గొంతు ట్రాకుని నేరుగా పగలగొట్టను. దానికి నకలు ఒకటి తీసి, నకలును బాగా పగలగొట్టి, అసలు కింద సన్నగా కలుపుతాను. అసలు గొంతులో అక్షరం స్పష్టంగా ఉంటుంది, నకలులో ఆవేశం ఉంటుంది. ఆ నకలు సౌండు పాటంతా ఒకేలా ఉండకూడదు. చరణం చివర గాయకుడు ఊపిరి బిగించిన చోట పెంచి, పల్లవికి వచ్చేసరికి దించాలి. ఇంకో మంచి ఉపాయం, గొంతును అసలు ముట్టుకోకుండా దాని ప్రతిధ్వనిని మాత్రమే పగలగొట్టడం. మనిషి ముందు శుభ్రంగా పాడుతుంటాడు, వెనక గోడలు పగులుతుంటాయి.

నాలుగోది, మోసపోకుండా ఉండటం. గరగర వేస్తే సౌండు కూడా పెరుగుతుంది. సౌండు పెరిగిన ప్రతిదీ బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకని వేసిందీ వేయనిదీ ఒకే సౌండుకి తెచ్చి, కళ్లు మూసుకుని పోల్చాలి. ఇలా చేస్తే నేను మురిసిపోయి వేసిన వాటిలో సగానికి సగం తీసేయాల్సి వచ్చేది.

ఇంతవరకూ పనితనం. ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

కొన్నేళ్ల కిందట ఒక సినిమాలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాట వచ్చింది. పాడింది కొత్తమ్మాయి. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది, గొంతు అద్దంలా ఉంటుంది. ఆ అద్దం ఆ సీనుకి మరీ శుభ్రంగా ఉందనిపించింది నాకు. మూడో చరణంలో పగులు వేశాను. ఏడ్చి ఏడ్చి బొంగురు పోయిన గొంతులా వచ్చింది. అందరికీ నచ్చింది. అలాగే విడుదలైంది. నెల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, ఒక్క మాట అడగనా? నేను ఆ రోజు సరిగ్గా పాడలేదా?" అంది. బాగా పాడావమ్మా అన్నాను. "మరి నా గొంతు ఎందుకలా ఉంది? మా గురువుగారు ఫోన్ చేసి గొంతుకి ఏమైందని అడిగారు. కచేరీ పెట్టిస్తామన్న వాళ్లు, గొంతు బాగయ్యాక చూద్దాంలే అన్నారు" అంది.

నేను పగలగొట్టింది ఒక ట్రాకుని అనుకున్నాను. అది ఒకరి గొంతు. ఆ అమ్మాయికి అన్నం పెట్టేది అదే. ఆమెకు ముందుగా ఒక్కసారి వినిపించాలన్న ఆలోచనే నాకు రాలేదు. క్షమించమని అడిగాను. ఆ గురువుగారికి నేనే ఫోన్ చేసి, బొంగురు మిషన్‌దనీ, అమ్మాయి పాడిన అసలు ట్రాకు ఇదీ అనీ వినిపించాను. పోయిన కచేరీ మాత్రం తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఎవరి గొంతునైనా పగలగొడితే, పాట బయటికి వెళ్లే ముందు గొంతుగలవాళ్లు వినాలి. వద్దంటే తీసేయాలి.

చివరగా, ఈ సభ కోసం చేసిన పని గురించి.

మన తెలుగు మాస్టారు వార్షికోత్సవంలో హరిశ్చంద్రుడి వేషం కట్టి కాటి సీను పద్యాలు పాడిన రాత్రి మీలో ఎందరికి గుర్తుంది? చాలా చేతులు లేచాయి. సంతోషం. ఆ రాత్రి ఎవరో టూ-ఇన్-వన్‌ని స్టేజీ అంచున పెట్టి రికార్డు చేశారు. ఆ క్యాసెట్ నా దగ్గరకు వచ్చింది. "నీ దగ్గర మిషన్లున్నాయిగా, శుభ్రం చేసి స్వర్ణోత్సవంలో వినిపించు" అన్నారు. పెట్టి విన్నాను. మాస్టారు రాగం తీసి పైకి వెళ్లినప్పుడల్లా టేపు తట్టుకోలేక గరగరలాడుతోంది. వెనకాల కరెంటు గుయ్యిమంటోంది. టేపు సుయ్యిమంటోంది. జనం "వన్స్ మోర్" అని అరుస్తున్నారు.

నాలుగు రాత్రులు కూర్చున్నాను. తెగిన అల తలల్ని ఊహించి అతికించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. అన్నీ వాడాను. చివరికి మాస్టారి గొంతు నిన్న రికార్డు చేసినంత నున్నగా వచ్చింది. పెట్టుకుని విన్నాను. పద్యం ఉంది, అక్షరం ఉంది, రాగం ఉంది. మాస్టారు లేరు.

ఎందుకో అర్థం కావడానికి మర్నాటి దాకా పట్టింది. ఆ క్యాసెట్‌లో గరగర అన్ని చోట్లా లేదు. మాస్టారు గుండెలోంచి గొంతు తీసిన చోట్ల మాత్రమే ఉంది. టేపు ఎంత తట్టుకోగలదో అంతకు మించి ఆయన పాడారు. ఎక్కడెక్కడ మించి పాడారో ఆ పగుళ్లు గుర్తు పెట్టాయి. నేను వాటిని నున్నగా చేసేసరికి, ఆయన మెల్లగా, జాగ్రత్తగా పాడినట్టయింది. మాస్టారు జీవితంలో ఎప్పుడూ అలా పాడలేదు. పొద్దున్నే గుడి గొట్టం మైకులో ఘంటసాల గారి భగవద్గీత విని పెరిగిన వాళ్లం మనం. ఆ మైకు గరగర లేకపోతే మనకు తెల్లవారినట్టే ఉండదు. చెడిపోయింది అనుకున్న దాంట్లో ఒక్కోసారి చోటూ కాలమూ మనిషీ ఉంటారు.

మాస్టారు ఇప్పుడు లేరు, అడగడానికి. నా నియమం గుర్తొచ్చి వాళ్లింటికి వెళ్లాను. అమ్మగారికి రెండూ వినిపించాను, ఏది ఏదో చెప్పకుండా. నున్నటిది విని, "ఎవరు బాబూ పాడింది? బాగా పాడాడు" అన్నారు. రెండోది మొదలై, మొదటి రాగం పైకి వెళ్లి గరగరమనేసరికి ఆవిడ ఏమీ అనలేదు. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు.

అందుకని నాలుగు రాత్రుల పనిలో చాలా భాగం పక్కన పెట్టేశాను. కరెంటు గుయ్యి మాత్రం తీశాను. టేపు సుయ్యి కొంచెం తగ్గించాను. పగుళ్లు ముట్టుకోలేదు. "వన్స్ మోర్"లు అన్నీ ఉంచాను, అందులో మీలో కొందరి గొంతులున్నాయి. ఇప్పుడు అదే వినిపిస్తాను. అమ్మగారు ముందు వరసలో ఉన్నారు. అల తల తెగితే ఏమవుతుందో డస్టరుతో చూపించిన సైన్సు మాస్టారు కూడా ఆ పక్కనే ఉన్నారు.

ఒక్క మనవి. పద్యం అయ్యాక చప్పట్లు కొడతారో, ఆ రోజుల్లో లాగా అరుస్తారో మీ ఇష్టం. ఈ హాలు మైకు గరగరలాడినా ఫరవాలేదు. డ్రిల్లు మాస్టారూ, ఈ ఒక్కసారికి సౌండు తగ్గించకండి.